పార్టీ కమిటీలు – చట్టము

కృష్ణగిరినుండి హోసూరునకు పోవు రహదారిమీద గురుబరపల్లివంటి ఏ యూరియొద్ద బస్సు దిగినను, నిన్నమొన్నటివఱకు మొదట కంటబడునవి రాజకీయపార్టీల జెండాకొయ్యలు. 2025వ సంవత్సరము జనవరిలో మద్రాసు హైకోర్టువారి మధుర బెంచి, బహిరంగస్థలములందు పాతిన యీ కొయ్యలను పండ్రెండు వారములలో తొలగింపవలెనని తీర్పు చెప్పినది. కొయ్య యెవరి స్థలమున నున్నది, అనుమతి కలదా లేదా యను ప్రశ్నలకు న్యాయస్థానము సమాధానము చెప్పినది. మంచిదే. కాని యా కొయ్యక్రింద పేర్లు వ్రాసికొన్న శాఖాసంఘమును ఎవరు ఎన్నుకొనిరి, ఎప్పుడు ఎన్నుకొనిరి, అసలు ఎన్నుకొనిరా యను విచారణను మన చట్టము ఏ యధికారికిని అప్పగింపలేదు.

ఈ విషయమును మా దృష్టికి తెచ్చినవారు ఆ ప్రాంతపు తెలుగు రైతొకరు. ఇరువదేండ్లనుండి ఆయన ఒక పార్టీ సభ్యత్వపుకార్డును చొక్కాజేబులో పెట్టుకొని తిరుగుచున్నారు. మీ శాఖాకార్యదర్శిని ఎప్పుడు ఎన్నుకొంటిరని మేము అడిగితిమి. "ఎన్నుకునేదేమన్నా, పేరు పైనుంచి వచ్చె, మేము చప్పట్లు కొడితిమి" అని ఆయన నవ్విరి. అది యే పార్టీయో చెప్పవలసిన పని లేదు. ప్రక్కనే కూర్చున్న పొరుగువారి జేబులో వేఱొక పార్టీ కార్డు కలదు. ఆయనయు ఆ మాటకు తల యూపిరి.

చెన్నపురిలో వకీళ్లుగను, వైద్యులుగను, ఇంజనీర్లుగను ఉన్న మా పాఠకులలో అనేకులకు పార్టీ శాఖతో పని యుండదు. తమకు కావలసినది యేదైన నున్నచో వారు సెక్రటేరియటుకే పోగలరు. కృష్ణగిరిజిల్లా పల్లెలోని తెలుగువాని స్థితి వేఱు. 2024 జూనులో ఆ జిల్లానుండి లోకసభకు ఎన్నికైన కె. గోపీనాథుగారు తెలుగున ప్రమాణము చేసినపుడు మనమందఱమును సంతోషించితిమి. కాని 2006 నాటి తమిళ అభ్యాస చట్టము వచ్చినపిమ్మట, తెలుగు చదువుకొను పిల్లల పదవతరగతి పరీక్షను గూర్చి అల్పసంఖ్యాకభాషలవారు ఎక్కవలసివచ్చినది కోర్టుమెట్లే. శాఖలో చెప్పినమాట యూనియనుకు, యూనియనులో చెప్పినమాట జిల్లాకు, జిల్లాలో చెప్పినమాట రాష్ట్రకార్యవర్గమునకు ఎక్కు నిచ్చెన పార్టీలలో ఉండవలసినది. పైమెట్టున నున్నవారిచే నియమింపబడిన క్రిందిమెట్టువాడు పైకి చూచునేగాని క్రిందికి చూడడు. నిచ్చెనయున్నది; ఎక్కుట మాత్రము లేదు.

చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగమునందు రాజకీయపార్టీ యను మాటయే లేదు. 1985లో ఫిరాయింపుల నిషేధమునకై పదియవ షెడ్యూలును చేర్చినపుడుగాని పార్టీలు రాజ్యాంగపు గడప త్రొక్కలేదు. పార్టీల రిజిస్ట్రేషనునకు విధి నేర్పఱచినది 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములోని 29ఎ సెక్షను. ఇది మొదటినుండి ఉన్నది కాదు. 1988 నాటి సవరణచే చేర్చబడి 1989 జూను 15నుండి అమలునకు వచ్చినది. దాని ప్రకారము క్రొత్తగ ఏర్పడిన పార్టీ ముప్పది దినములలో ఎన్నికల సంఘమునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. పార్టీ పేరు, ప్రధానకార్యాలయమున్న చోటు, అధ్యక్ష కార్యదర్శి కోశాధికారుల పేర్లు, సభ్యుల సంఖ్య, స్థానికశాఖలు కలవేని వాని వివరము తెలుపవలెను. రాజ్యాంగమునకును, సామ్యవాద లౌకిక ప్రజాస్వామ్య సూత్రములకును విధేయముగ నుందుమను వాక్యము పార్టీ నియమావళిలో నుండవలెను. పేరుగాని, కార్యవర్గముగాని మాఱినచో వెంటనే తెలుపవలెను. 2022 అక్టోబరులో తెలంగాణ రాష్ట్ర సమితి తన పేరును భారత రాష్ట్ర సమితిగ మార్చుకొన్నపుడు, డిసెంబరులో ఎన్నికల సంఘము దాని నంగీకరించుట యీ విధిప్రకారము జరిగినదే.

సెక్షనులో ఇంతకుమించి కమిటీలమాట లేదు. మిగిలినది ఎన్నికల సంఘము వ్రాసికొన్న మార్గదర్శకసూత్రములలో నున్నది. కనీసము నూఱుగురు ఓటర్లు సభ్యులుగ నుండవలెననియు, వివిధస్థాయులలో సంస్థాగత ఎన్నికలు ఏయే కాలమున జరుగునో నియమావళిలో చెప్పవలెననియు, ఆ గడువు అయిదేండ్లకు మించరాదనియు, పదవుల కాలపరిమితి స్పష్టముగ నుండవలెననియు ఆ సూత్రములు కోరుచున్నవి. చూచుటకు ఇది చాలినంత యున్నట్లే తోచును. దరఖాస్తుతో సమర్పించు నియమావళిలో ఈ వాక్యములన్నియు అచ్చుగ్రుద్దినట్లు కనబడును. వకీలుకు తెలిసిన విద్య యది. అటుపిమ్మట అయిదేండ్లు గడచినను శాఖలో ఎన్నిక జరుగనిచో ఏమగును?

ఏమియు కాదు. 2002లో భారత జాతీయ కాంగ్రెసునకును ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ వెల్ఫేరునకును నడచిన వ్యాజ్యములో సుప్రీముకోర్టు దీనిని తేల్చినది. ఒకసారి రిజిస్టరు చేసిన పార్టీని తొలగించు అధికారము ఎన్నికల సంఘమునకు సాధారణముగ లేదు. మోసముచే రిజిస్ట్రేషను పొందినపుడు, రాజ్యాంగమునకు విధేయముగ నుండబోమని పార్టీయే నియమములు మార్చుకొన్నపుడు లేక తెలిపినపుడు, ప్రభుత్వము పార్టీని చట్టవిరుద్ధసంస్థగ ప్రకటించుట వంటి నిర్వివాదమైన కారణమున్నపుడు మాత్రమే ఆ పని చేయవచ్చును. సంస్థాగత ఎన్నికలు జరుపకుండుట యీ కారణములలో లేదు. తలుపు తీయునపుడు అడుగు ప్రశ్నలు వేఱు, లోపల నివసించునపుడు అడుగు ప్రశ్నలు వేఱు. రెండవవి అడుగువారు లేరు.

ఈ లోపము బయటపడినది ఆంధ్రప్రదేశములోనే. 2022 జూలైలో గుంటూరుసమీపమున జరిగిన వై.ఎస్.ఆర్. కాంగ్రెసుపార్టీ ప్లీనరీలో వై.ఎస్. జగన్మోహనరెడ్డిగారిని శాశ్వతాధ్యక్షునిగ ఎన్నుకొనిరని వార్తలు వచ్చెను. ఎన్నికల సంఘము వివరణ కోరినది. సెప్టెంబరులో, పార్టీపదవి శాశ్వతమను భావమే ప్రజాస్వామ్యమునకు విరుద్ధమని నిర్మొగమాటముగ చెప్పి, గందరగోళము తీఱునట్లు బహిరంగముగ ఖండనప్రకటన చేయుమని పార్టీని ఆదేశించినది. అధ్యక్షుడు ఆ ప్రతిపాదనను అంగీకరింపలేదని పార్టీవారు తెలిపిరి. సంఘము సరియైన మాట చెప్పినదనుటకు మేము సందేహింపము. ఐనను ఒక సంగతి గమనింపదగినది. పార్టీ ఆ మాటను పెడచెవిని పెట్టియున్నచో సంఘము చేయగలిగినదేమి? 2002 నాటి తీర్పు అడ్డముగ నుండినది. ఇంకొక సంగతి. శాశ్వతమను మాటను నియమావళిలో వ్రాయుట తప్పని తేలినది; ఆ మాట వ్రాయకయే ముప్పదేండ్లు ఒక కుటుంబమునందో ఒక వ్యక్తియందో పదవి నిలిచినచో అది తప్పు కాదు. దేశమున నేటి పార్టీలలో ఎన్ని యీ రెండవ తెగకు చెందినవో మా పాఠకులు వ్రేళ్లు మడచి లెక్కింపగలరు.

2025 ఆగస్టులో ఎన్నికల సంఘము గుర్తింపులేని 334 పార్టీలను జాబితానుండి తీసివేసినది. ఆఱేండ్లుగ ఒక్క ఎన్నికలోను పోటీ చేయకుండుటయు, చెప్పిన చిరునామాలలో కార్యాలయములు కనబడకుండుటయు కారణములు. పోటీచేయనివానిని తీసివేయుటకు త్రోవ దొరికినదిగాని, పోటీచేయుచు తన సభ్యులను అడుగనివానిని ప్రశ్నించుటకు దొరకలేదు.

ఇది నేటి తరమున పుట్టిన జాడ్యమనుకొనుట పొరపాటు. 1920లో నాగపురమున కాంగ్రెసుకు క్రొత్త నియమావళి ఏర్పడి, గ్రామమునుండి అఖిలభారతసంఘమువఱకు కమిటీల వరుస యమర్పబడినది. ఆంధ్రులకు ప్రత్యేక కాంగ్రెసు మండలము కావలెనని భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మొదలగువారు 1917నుండియే పోరాడి సాధించిరి. ఆంధ్రరాష్ట్రము రాకమునుపే ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు కమిటీ వచ్చుటకు కారణమదియే. ఆ పట్టాభిగారే 1939 జనవరిలో అధ్యక్షపదవికి పోటీచేసి సుభాసచంద్రబోసుచేతిలో ఓడిరి. బోసుకు 1580 ఓట్లు, పట్టాభిగారికి 1377. లెక్క తేటతెల్లము. కాని త్రిపురి కాంగ్రెసులో, కార్యవర్గమును గాంధీగారి అభిమతము ననుసరించి నియమింపవలెనని పంతుగారి తీర్మానము నెగ్గినది. ఎన్నికైన అధ్యక్షుడు కమిటీని ఏర్పఱచుకొనలేక ఏప్రిలులో రాజీనామా చేసెను. గాంధీగారు 1934లోనే కాంగ్రెసు సభ్యత్వమును వదలుకొన్నవారు!

హోసూరుప్రక్కన తొరపల్లిలో 1878లో జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచారిగారి కథయు ఇట్టిదే. 1942లో కాంగ్రెసును వీడి 1945లో తిరిగి వచ్చినపుడు, తమిళనాడు కాంగ్రెసు కమిటీలో కామరాజుగారి పక్షము అడ్డుతగిలినది. తిరుప్పరంకుండ్రమున కూడిన కాంగ్రెసువారు రాజాజీ నాయకత్వమునకు వ్యతిరేకముగ తీర్మానించిరి. 1946 ఫిబ్రవరిలో గాంధీగారు 'హరిజన్' పత్రికలో రాజాజీని సమర్థించుచు, ఆయనకు ఎదురునిలిచినవారిని ముఠా యను అర్థము వచ్చుమాటతో పేర్కొనిరి. కామరాజుగారు నొచ్చుకొని పార్లమెంటరీ బోర్డునుండి తప్పుకొనిరి. రాజాజీయందు మాకు గల గౌరవము తక్కువది కాదు. ఆయన ప్రజ్ఞ ప్రభుత్వమునకు అవసరమని గాంధీగారు తలచుటలో తప్పును లేదు. ఐనను నాటి వివాదములో కమిటీ తీర్మానముకంటె పత్రికలోని ఒక వ్యాసమే బరువుగ తూగినదన్నది నిజము. గొప్పవారు నడపినపుడు పడిన అలవాటు, గొప్పతనము పోయినతరువాతను నిలుచును.

1992 ఏప్రిలులో తిరుపతిలో జరిగిన కాంగ్రెసు మహాసభ తెలుగుగడ్డమీద ఈ విషయమై జరిగిన అతిముఖ్యమైన ప్రయోగము. ఇంచుమించు ఇరువదేండ్లు కార్యవర్గమునకు ఎన్నికలే జరుగని పార్టీలో పి.వి. నరసింహారావుగారు ఎన్నికలు జరిపించిరి. పదిమంది ఎన్నికైరి. అర్జునసింగు, శరద్ పవారు వంటి పోటీనాయకులు అధికసంఖ్యలో ఓట్లు పొందిరి. అప్పుడు నరసింహారావుగారు, గెలిచినవారిలో షెడ్యూల్డు కులములవారుగాని, తెగలవారుగాని, స్త్రీలుగాని లేరని విచారము వెలిబుచ్చిరి. ఎన్నికైనవారందఱు రాజీనామాలిచ్చిరి, పిమ్మట వారు ఆయనచే నియమితులుగ మరల కార్యవర్గములో చేరిరి. కారణము న్యాయమైనదే. కాని ఫలితము చూడుడు: నిన్న ఓటుచే కూర్చున్నవాడు నేడు దయచే కూర్చుండెను. సామాజికన్యాయము కావలెనన్నచో ఎన్నికకు ముందే స్థానములు కేటాయింపవచ్చును. ఎన్నికయైనపిమ్మట దానిని రద్దుపఱచుటకు సామాజికన్యాయమును సాకుగ చేయరాదు. 2022 అక్టోబరులో మల్లికార్జున ఖర్గేగారు 7,897 ఓట్లతో, 1,072 ఓట్లు వచ్చిన శశిథరూరుగారిపై గెలిచి అధ్యక్షులైనపుడు ఆ పార్టీని ప్రశంసింపవలసియుండెను. 2023 ఫిబ్రవరిలో రాయపురమున కార్యవర్గమునకు ఎన్నికలు వలదని, నియామకాధికారము అధ్యక్షునిదేయని తీర్మానించుటతో ఆ ప్రశంస సగములో ఆగినది.

చట్టము పార్టీయింటిలోనికి తొంగిచూచు సమయమొకటి కలదు. అది యిల్లు చీలినపుడు. 1968 నాటి గుర్తుల ఉత్తరువులోని పదునైదవ పేరా ప్రకారము, చీలిన పక్షములలో ఏది అసలు పార్టీయో ఎన్నికల సంఘము నిర్ణయించును. 1969లో కాంగ్రెసు రెండైనపుడు పుట్టిన సాదిఖ్ అలీ వ్యాజ్యములో, శాసనసభ్యులలోను పార్టీసంఘములలోను ఎవరికి ఎక్కువబలమున్నదో చూచుట సరియైన పరీక్షయని సుప్రీముకోర్టు 1971లో ఆమోదించినది. 1995 ఆగస్టులో తెలుగుదేశములో సంక్షోభము వచ్చినపుడు శాసనసభ్యులలో అధికసంఖ్యాకులు చంద్రబాబునాయుడుగారివైపు నిలిచిరి. సైకిలుగుర్తు ఆ పక్షమునకే దక్కినది. పార్టీని స్థాపించిన నందమూరి తారకరామారావుగారు గుర్తులేనివారైరి. ఎవరిది న్యాయమో తేల్చుట నేటి మా పని కాదు. గ్రామములలో పసుపుజెండా మోసిన లక్షలాదిసభ్యులలో ఒక్కరినైన ఆ పరీక్షలో అడుగలేదన్నదే మేము చెప్పదలచినది.

ఇంతకంటె బోధప్రదమైనది అన్నా ద్రవిడ మున్నేట్ర కళగపు వివాదము. కృష్ణగిరిజిల్లా పాఠకులకు ఇది ఇంటిసంగతి; 2021లో వేప్పనహళ్లినుండి శాసనసభకు ఎన్నికైన కె.పి. మునుసామిగారు ఆ పార్టీ అగ్రనాయకులలో ఒకరు. ఎం.జి. రామచంద్రనుగారు స్థాపించిన ఆ పార్టీ నియమావళిలో ప్రధానకార్యదర్శిని ప్రాథమికసభ్యులే ఎన్నుకొనవలెనని కలదు. గురుబరపల్లి రైతుకు ఇంతకంటె గొప్పహక్కు ఏ నియమావళి యీయగలదు? 2017లో ఆ పదవినే తీసివేసి సమన్వయకర్త, సహసమన్వయకర్త యను జంటపదవులు కల్పించిరి. 2022 జూలై 11న సర్వసభ్యసంఘము జంటపదవులను రద్దుచేసి, పళనిసామిగారిని తాత్కాలిక ప్రధానకార్యదర్శిగ నియమించి, పన్నీరుసెల్వముగారిని వెలివేసినది. కోర్టులలో గెలుపోటములు మారుచు వచ్చి, తుదకు 2023 ఫిబ్రవరి 23న సుప్రీముకోర్టు ఆ సభ విషయమున హైకోర్టు డివిజను బెంచి తీర్పును స్థిరపఱచినది. మార్చిలో ప్రధానకార్యదర్శి ఎన్నిక ప్రకటించిరి. ప్రాథమికసభ్యుల ఓటుహక్కు నియమావళిలో నిలిచియే యున్నది. కాని పోటీచేయువాడు పదేండ్లు సభ్యుడై, అయిదేండ్లు ప్రధానకార్యాలయపు పదవిలో నుండి, పదిమంది జిల్లాకార్యదర్శులచే ప్రతిపాదింపబడి, వేఱు పదిమందిచే బలపఱుపబడవలెనని క్రొత్తనియమము చేరినది. ఒక్కరే నామినేషను వేసిరి. మార్చి 28న ఆయన ఎన్నికైనట్లు ప్రకటన వెలువడినది. ఓటు ఉన్నది, వేయుటకు పెట్టెయే రాలేదు.

ఈ వ్యాజ్యములన్నింటిలో న్యాయస్థానములు పార్టీ నియమావళిని సభ్యుల నడుమ ఒడంబడికగ భావించుచున్నవి. ఒడంబడికను మీఱినచో దావా వేయవచ్చును. నిజమే. కాని యా దావా వేయువాడు మాజీముఖ్యమంత్రియైనపుడు సీనియరు న్యాయవాదులు బారులుతీరుదురు. శాఖాసభ్యుడు కృష్ణగిరి మునసబుకోర్టులో వేసినచో, సభ్యులపట్టీని తెమ్మని ఎవరిని ఆజ్ఞాపింపవలెనో మునసబుగారికే చిక్కుప్రశ్న. అసలు మరుసటిదినమే ఆ సభ్యుడు వెలివేయబడును. అప్పుడు దావాకు అర్హతయే ప్రశ్నయగును.

పార్టీ యనునది స్వచ్ఛందసంస్థ, ఇందు చట్టమునకు పనియేమి యని కొందఱందురు. అట్లైన పాలసంఘమును చూడుడు. అదే ప్రాంతమున పాలసంఘములో పాలుపోయు రైతుకు 1983 నాటి తమిళనాడు సహకారసంఘముల చట్టప్రకారము సభ్యులపట్టీలో పేరు, పాలకవర్గపు ఎన్నికలో ఓటు, లెక్కల తనిఖీ, రిజిస్ట్రారుకు మొఱపెట్టుకొను అవకాశము కలవు. హోసూరు ఫ్యాక్టరీలలోని కార్మికసంఘములను చూడుడు. 1926 నాటి ట్రేడుయూనియనుల చట్టమును 2001లో సవరించినపుడు, యూనియను కార్యవర్గపు పదవీకాలము మూడేండ్లు మించరాదని పార్లమెంటు శాసించినది. కార్మికులు మూడేండ్లకొకసారి తమ నాయకులను ఎన్నుకొనితీరవలెనని చేయెత్తిన సభ్యులలో ఎందఱు తమ పార్టీ జిల్లాకమిటీలో ఎన్నికచే కూర్చున్నవారు? పాలకు, ఫ్యాక్టరీకి పనికివచ్చిన నీతి రాజ్యమేలు సంస్థకు పనికిరాదనుట మాకు వింతగ నున్నది.

ఐనను ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసియున్నది. సహకారసంఘములలో ఎన్నికలు వాయిదావేసి, ప్రభుత్వములు స్పెషలాఫీసర్లచే ఏండ్లకొలది పాలింపజేసిన అనుభవము మనకు కలదు. అధికారి చేతికి తాళము నిచ్చినచో ఆయన తెఱచుటకే కాక మూయుటకును దానిని వాడును. పొరుగుదేశమైన పాకిస్థానములో జరిగినది మన కన్నులముందటి పాఠము. అచటి 2017 నాటి ఎన్నికల చట్టము పార్టీలు అంతర్గత ఎన్నికలు జరిపితీరవలెననియు, లేనిచో గుర్తు పోగొట్టుకొనుననియు చెప్పుచున్నది. వినుటకు ఎంత బాగున్నది! 2023 డిసెంబరులో అచటి ఎన్నికల సంఘము, ఇమ్రాన్ ఖాన్ పార్టీలో జరిగిన అంతర్గత ఎన్నిక చెల్లదని బ్యాటుగుర్తును లాగుకొన్నది. 2024 జనవరి 13న సుప్రీముకోర్టు దానిని సమర్థించినది. ఫిబ్రవరి 8న జరిగిన సాధారణఎన్నికలలో ఆ పార్టీవారు నానాగుర్తులతో స్వతంత్రులుగ నిలువవలసివచ్చినది. కమిటీయెన్నిక సరిగ జరుగలేదని, కోట్లమంది ఓటర్లకు తెలిసిన గుర్తును ఎన్నికకు నెలదినములముందు తీసివేసిరి! శాఖాసభ్యుని పేరుతో చేసిన చట్టము శాఖాసభ్యునికి కలిగించిన మేలు ఏమియు లేదు.

అమెరికాలో ఇంకొకవిధముగ జరిగినది. కాలిఫోర్నియారాష్ట్ర చట్టము పార్టీ కమిటీలలో ఎవరుండవలెనో, రాష్ట్రాధ్యక్షుని పదవి రెండేండ్లకు మించక ఉత్తరభాగపువారికిని దక్షిణభాగపువారికిని వంతులవారీగ ఎట్లు తిరుగవలెనో కూడ నిర్ణయించినది. 1989లో అమెరికా సుప్రీముకోర్టు ఆ విధులను కొట్టివేసి, తన నాయకులను తానే యేర్పఱచుకొను స్వేచ్ఛ పార్టీసభ్యులదని చెప్పినది. ఉత్తరదక్షిణముల వంతులు మన సర్కారు, రాయలసీమల శ్రీబాగ్ ఒడంబడికను తలపించుచున్నవిగదా! అట్టివి ఒడంబడికలుగ నుండవచ్చును. శాసనముగ నుండుట వేఱుమాట.

ఈ రెంటినడుమ జర్మనీవారి త్రోవ మాకు నచ్చినది. హిట్లరు ఒక పార్టీని తన యిచ్ఛకు లోబఱచి, ఆ పార్టీచే దేశమును లోబఱచుకొనుట చూచినవారు గనుక, 1949 నాటి తమ రాజ్యాంగములోని 21వ అధికరణములోనే పార్టీల అంతర్నిర్మాణము ప్రజాస్వామ్యసూత్రములకు అనుగుణముగ నుండవలెనని వ్రాసికొనిరి. 1967లో పార్టీల చట్టము వచ్చినది. కార్యవర్గమును కనీసము రెండేసి సంవత్సరములకొకసారి ఎన్నుకొనవలెను. అందు ముగ్గురికి తగ్గరాదు. పదవిరీత్యా కూర్చుండువారు అయిదవవంతు మించరాదు. ఎన్నిక రహస్యముగ జరుగవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది మధ్యవర్తిసభ. సభ్యునికిని పార్టీకిని వివాదము వచ్చినపుడు విచారించు ఆ సభలో కార్యవర్గసభ్యులు కూర్చుండరాదు. వెలివేయు అధికారము ఆ సభదే కాని, అలిగిన నాయకునిది కాదు.

మన దేశమున ఇట్టి ప్రతిపాదన తెచ్చినవారు తెలుగువారే. జస్టిసు బి.పి. జీవనరెడ్డిగారి అధ్యక్షతన లా కమిషను 1999లో సమర్పించిన 170వ నివేదిక, పార్టీల నిర్మాణమునకు ప్రత్యేకవిభాగమును ప్రజాప్రాతినిధ్యచట్టములో చేర్చవలెనని సిఫారసు చేసినది. 2015లో 255వ నివేదిక మరల ఆ మాటనే చెప్పినది. రెండును బీరువాలలో నున్నవి. అన్ని పార్టీలును ఒక్కమాటపై నిలుచు కొద్దివిషయములలో ఇదియొకటి.

జీవనరెడ్డిగారి నివేదికతో మాకు ఒకచోట అభిప్రాయభేదము కలదు. ఉల్లంఘించిన పార్టీకి శిక్షయు, తుదకు రిజిస్ట్రేషను రద్దును ఎన్నికల సంఘముచేతిలో నుండవలెనని అది తలచినది. పాకిస్థాన అనుభవము నివేదికకు పిదప వచ్చినది. నేడైనచో ఆ పెద్దలును మరల ఆలోచించియుందురని మా నమ్మకము. మేము కోరునది సంఘమునకు అధికారము కాదు, సభ్యునికి హక్కు. శాఖ సభ్యులపట్టీని ఏటేట శాఖలోనే అతికించి, ఏ సభ్యుడైనను చూచుకొనునట్లు చేయవలెను. నాలుగణాల సభ్యత్వపు దినములనుండియు బోగస్ పేర్ల బెడద మన కెఱుకయే. దానికి మందు చాటున దాచిన పట్టీ కాదు, గోడమీది పట్టీ. పైనుండి నియమితులగువారి సంఖ్యకు ఏ కమిటీలోనైనను హద్దు ఉండవలెను. కార్యవర్గమునకు సంబంధములేని మధ్యవర్తిసభ గడువులోపల తీర్పు చెప్పవలెను; దానిపై జిల్లాకోర్టుకు అప్పీలు ఉండవలెను. దావా నడచునంతకాలము వాదిని వెలివేయరాదు.

మఱి శిక్ష యేది యని వకీళ్లు అడుగుదురు. గుర్తుజోలికి పోవలదు, ఓటరు చేసిన తప్పేమి? పార్టీల ఆదాయమునకు పన్ను మినహాయింపు కలదు. లెక్కలు వ్రాయుట, విరాళముల పట్టికను సమర్పించుట దానికి షరతులు. కాలము మీఱిన కమిటీ నడపు పార్టీకి, ఎన్నిక జరుగువఱకు ఆ మినహాయింపు నిలిపివేయుట అను షరతును దానికి చేర్చవచ్చును. దెబ్బ పెట్టెమీద పడునుగాని ఓటుమీద పడదు. ఇందును అధికారపక్షము పన్నుశాఖను ఆయుధముగ వాడునను భయము మాకును లేకపోలేదు. అందుచేత కాలము మీఱినదా లేదా యను నిర్ణయము పన్ను అధికారిది గాక, సభ్యుని అప్పీలుపై జిల్లాజడ్జి చేయవలెను.

హైకోర్టు ఆవరణములో దినదినము ఒడంబడికలు, నియమావళులు వ్రాయు మా పాఠకులకు ఇట్టి బిల్లు ముసాయిదా వ్రాయుట ఒక సాయంకాలపు పని. చిక్కంతయు ఒక్క విషయముననే యున్నది: వెలివేతకు ముందే సభ్యునికి అప్పీలుహక్కు నిచ్చుచు, ప్రత్యర్థులు పంపిన దొంగసభ్యులు పార్టీని కోర్టుల వెంట త్రిప్పకుండ ఎట్లు కాపాడవలెను? ఒక సంవత్సరపు సభ్యత్వము చాలునా, మూడేండ్లు కావలెనా? దీనిపై అనుభవజ్ఞులు వ్రాసిన దానిని ఈ పుటలో ప్రకటింతుము. గురుబరపల్లి రైతుకార్డు మీద చేరిన తేదీ కలదు, ఇరువదేండ్లనాటిది.